గంటకు ఇన్ని మిల్లీలీటర్లు

ఫోన్ మోగలేదు. బల్ల నడుమ మూడు కాళ్ల మీద నల్లగా కూర్చున్న ఆ స్పీకర్ ఫోన్‌ను చూస్తున్నంతసేపూ అది మోగదేమో అనిపించి లావణ్య కిటికీ వైపు తిరిగింది. అద్దం అవతల మాదాపూర్ బండలు ఎండకు తెల్లగా కాలుతున్నాయి. పక్క స్థలంలో మరో బిల్డింగ్ పునాదికి రాయి పేలుస్తున్నారు. ముందు ఈల వినిపిస్తుంది, కూలీలు తట్టలు వదిలేసి పరుగెత్తుతారు, తర్వాత నేల అడుగునుంచి ఒక దెబ్బ, కిటికీ అద్దం సన్నగా జివ్వుమంటుంది, అంతే, మళ్లీ ఏసీ హోరు. కొత్త బిల్డింగ్, కొత్త కుర్చీలు, తలుపులకు వార్నిష్ వాసన ఇంకా పోలేదు, ఆ వాసనలో బల్లకు అటువైపు దినేష్ కూర్చుని పెన్ను మీట నొక్కుతూ వదులుతూ ఉన్నాడు. టిక్కు టిక్కు. ఆపమనాలంటే అతనితో మాట్లాడాలి. దానికన్నా ఈ చప్పుడే నయం, చప్పుడును అసహ్యించుకోవడం తేలిక, దానికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా ఉండదు, నున్నగా గీసిన గడ్డం ఉండదు, 'లావణ్య గారూ' అని సాగదీసి పిలిచే గొంతు ఉండదు. గారూ. ఆ ఒక్క మాటలో ఎంత విషం పట్టించవచ్చో ఇతన్ని చూశాకే తెలిసింది.

ఆంజనేయులు గారు భోజనాల వేళ ఫోన్ చేశారు. బాలానగర్‌లో సిరంజి పంపులు తయారుచేసే చిన్న ఫ్యాక్టరీలో ఆయన ఇంజనీరు. పంపులో సిరంజి బిగిస్తే దాని పిడిని మోటారు నెమ్మదిగా నెడుతూ మందును రోగి నరంలోకి పంపుతుంది, గంటకు ఎంత వెళ్లాలో నర్సు మీటలు నొక్కి చెబితే చాలు. ఆ మీటకూ మోటారుకూ నడుమ ఉండే ప్రోగ్రాం లావణ్య వాళ్ల కంపెనీది, వేరేవాళ్లు తమ ప్రోగ్రాంలో కలుపుకుని వాడుకునేలా సీ భాషలో రాసిన లైబ్రరీ. ఆంజనేయులు గారి చేతికి వెళ్లేవి రెండే ఫైళ్లు. ఒకటి మిషన్‌కు తప్ప మనిషికి అర్థం కాదు. రెండోది హెడర్ ఫైలు, అందులో ఒక్కో పని చేసే ఫంక్షన్ పేరు, దాని నెత్తిన మనుషుల కోసం రాసిన నాలుగు లైన్ల కామెంట్. ఇది ఏం చేస్తుంది, దీనికి ఏమివ్వాలి, ఏ కొలతలో ఇవ్వాలి, ఇది తిరిగి ఏమిస్తుంది. కంప్యూటర్ ఆ లైన్లను చదవదు, దాటేసి పోతుంది. చదివేది ఆంజనేయులు గారే. మందు వేగం పెట్టే ఫంక్షన్ నెత్తిన 'గంటకు ఇన్ని మిల్లీలీటర్లు' అని ఉంది కాబట్టి ఐదు కావలసినచోట ఆయన ఐదు ఇచ్చారు. లోపలి కోడ్ ఆ ఐదును ఐదు పదోవంతులుగా తీసుకుంది. అర మిల్లీలీటరు. పంపు ముఖం మీద ఐదు అంకె ఎర్రగా వెలుగుతూనే ఉంది, సిరంజిలో మందు కదలనట్టే ఉండిపోయింది. ట్రయల్ కోసమని ఊళ్లో ఒక ప్రైవేటు ఆసుపత్రికి ఇచ్చిన పంపు అది. ఆపరేషన్ అయిన ఒక పెద్దాయనకు బీపీ పడిపోకుండా నిలబెట్టే మందు అందులో పెట్టారు. పొద్దుట్నుంచీ ఆయన బీపీ దిగుతూనే వచ్చిందట.

"సిస్టరమ్మ సిరంజి చూసి చెప్పింది సార్. మందు ఎక్కడిదక్కడనే ఉన్నదట," అన్నారు ఆంజనేయులు గారు. గొంతులో కోపం లేదు, అదే భయంగా ఉంది. పంపు ఆపించెయ్యండి అని దినేష్ అంటుంటే మధ్యలోనే ఆపి, "అది ఎప్పుడో ఆపిన్రు. నేను స్కూటర్ మీద దవాఖానకు పోతున్న. అక్కడికెల్లి ఫోన్ చేస్త. మీరు ఫోన్ కాడికెల్లి కదలకుండ్రి," అని పెట్టేశారు.

దినేష్ అప్పుడు గదిలోని కంప్యూటర్‌లో కోడ్ తెరిచాడు, వేగం పెట్టే ఫంక్షన్ దగ్గరకు వెళ్లి చూశాడు, హెడర్ ప్రింటవుట్ తెప్పించి దాంతో సరిచూశాడు, ఆ కాగితాలను బల్ల మీదుగా ఆమె ముందుకు తోశాడు. మొదటి మాటగా అతను అన్నది, పెద్దాయనకు ఎలా ఉందో అని కాదు, ఇప్పుడేం చేద్దామనీ కాదు. "కామెంట్లు మీవే కదా."

మీవే కదా. అవును, నావే. కోడ్ కూడా నాదే ఒకప్పుడు, అది ఎవరికి గుర్తుంటుంది. అమీర్‌పేటలో, కింద బేకరీ, పైన రెండు గదుల ఆఫీసు, కరెంటు పోతే మెట్ల మీద కూర్చుని కాగితం మీద ప్రోగ్రాం రాసిన రోజుల్లో ఈ లైబ్రరీలో సగం లావణ్య రాసింది. మోటారు నడిపే భాగం, అలారాల భాగం. కడుపులో అఖిల తన్నుతుంటే ఒక చేత్తో పొట్ట పట్టుకుని ఒక చేత్తో టైప్ చేసేది, కింద బ్రెడ్డు కాల్చే వాసనకు వాంతి వచ్చేది, వచ్చి మళ్లీ కూర్చునేది. ప్రసవానికి సెలవు పెట్టి ప్రొద్దుటూరు వెళ్లి తిరిగొచ్చేసరికి ఆఫీసు మాదాపూర్‌కు మారిపోయింది, దినేష్ టీమ్ లీడ్ అయిపోయాడు. ఉద్యోగంలో తన తర్వాత చేరినవాడు. నంద్యాల నుంచి వచ్చిన కొత్తలో సీ భాషలో పాయింటర్ అంటే ఏమిటో తెలియక ఆమె కుర్చీ పక్కన నిలబడి చెప్పించుకున్నవాడు. నడుము నొప్పికని ఆమె సొంతంగా కొనుక్కున్న దిండు అతని కుర్చీలో ఉంది. అడిగితే ఇచ్చేవాడేమో. అడగలేదు. కంపెనీ యజమాని వెంకటరామయ్య గారు తండ్రిలా నవ్వి, పసిబిడ్డ తల్లివమ్మా, నీ మీద బరువు పెట్టలేం కదా అన్నారు. పక్కన నిలబడిన దినేష్, "తేలిక పని ఉంది లావణ్య గారూ. కామెంట్లన్నీ ఒక పద్ధతిలోకి తేవాలి. ఇంటి నుంచి నిదానంగా వచ్చినా పరవాలేదు," అన్నాడు. తేలిక పని. పాలు కారి జాకెట్టు తడిసిందేమోనని పైట సర్దుకుంటూ నిలబడిన ఆ క్షణాన ఆ మాట విన్నది, ఆ తడి ఎప్పుడో ఆరిపోయింది, ఆ మాట ఆరలేదు.

టిక్కు టిక్కు. ఆ తేలిక పనిలో ఏముందో ఇతనికి తెలుసా. హెడర్ తెరిస్తే సంతలా ఉండేది. ఒకడు కామెంట్ నాలుగు లైన్లు రాస్తే ఒకడు ఒక్క ముక్క రాశాడు. ఒకడు మిల్లీలీటర్లను ఎం.ఎల్. అన్నాడు, ఒకడు సీసీ అన్నాడు, ఇంకొకడు ఏమీ అనకుండా అంకె అన్నాడు. తప్పు జరిగితే సున్నా తిరిగొస్తుందని ఒకచోట, సున్నా వస్తే అంతా బాగున్నట్టని మరొకచోట. ఒక ఫంక్షన్ కామెంట్‌ను ఎవరో కాపీ చేసి పక్కదాని నెత్తిన అతికించి పేరు మార్చడం మరిచిపోయారు, రెండేళ్లుగా అలాగే ఉంది. లావణ్య పగతో మొదలుపెట్టింది. తేలిక పని ఎలా చెయ్యాలో చూపిస్తాననే పంతం. ప్రతి కామెంట్‌లో అవే నాలుగు లైన్లు, అదే వరుస, కొలత ఎప్పుడూ లైన్ చివర. కూకట్‌పల్లి నుంచి వచ్చే కంపెనీ వ్యాన్‌లో కాగితాలు ఒళ్లో పెట్టుకుని దిద్దేది, అఖిలను జోకొడుతూ దిద్దేది. కొన్నాళ్లకు ఆ పని మీద ప్రేమ పుట్టింది, అదే ఆమెకు ఇంకా కోపం తెప్పించింది, శిక్షను ప్రేమించడం మొదలుపెట్టానా అని. హెడర్ పైనుంచి కిందికి చదువుకుంటూ పోతే ఎక్కడా కాలు తట్టుకోదు, ఊడ్చి కళ్లాపి చల్లిన వాకిలిలా ఉంటుంది. దాని మీద బురద కాళ్లతో నడిచింది ఎవరు.

ఈల. పరుగు. దెబ్బ. అద్దం జివ్వుమంది. ఈ కామెంట్ల పని సంగతి ప్రవీణ్‌కు చెబితే నవ్వాడు. ఆమె భర్త పుప్పాలగూడ వైపు ప్లాట్లు అమ్మిస్తాడు, కమిషన్ వ్యాపారం. ఒక ఆదివారం పాపనెత్తుకుని అక్కడికి తీసుకెళ్లాడు, ముళ్లకంపల నడుమ ఇనుప బోర్డు, దాని మీద పార్కు అని పచ్చరంగుతో రాసి ఉంది, కింద ఒక మేక నిలబడి కంప మేస్తోంది. ఏదీ పార్కు అంటే, వస్తుందిలే, బోర్డు ముందు పెడతారు, అన్నాడు. రాకపోతే? బోర్డు చూసి ఎవరు కొంటారు లావణ్యా, ధర చూసి కొంటారు. ఆఫీసులో ఇలా ఉందని చెప్పినప్పుడూ అదే గొంతు, అదే నవ్వు, జీతం అదే ఇస్తున్నారుగా, వాడితో నీకెందుకు గొడవ. వాడితో అని ప్రవీణ్ అన్నందుకు ఒక్క క్షణం అతని మీద ప్రేమ కలిగింది, గొడవ అన్నందుకు పోయింది. అందరూ నవ్వేవాళ్లే. మనుషులు చదువుతారు ప్రవీణ్, బోర్డు మీద ఏం రాసి ఉంటే అదే ఉంటుందనుకునేవాళ్లు ఉంటారు, ఆంజనేయులు గారి లాంటివాళ్లు, వాళ్లనే కదా మనం మోసం చేస్తున్నది.

తలుపు తోసుకుని లచ్చమ్మ చాయ్ తెచ్చింది. ఈ అంతస్తు ఊడ్చి తుడిచి చాయ్ పోసే మనిషి, ఈ బండల నడుమే ఎక్కడో ఆమె ఇల్లు. కప్పు లావణ్య ముందు పెట్టి వెళ్లబోతూ ఆగింది. "ఏందమ్మ, మొఖం గట్ల పీక్కపోయింది? పాపకు జరమొచ్చిందా?"

"లేదు లచ్చమ్మా. బాగుంది."

"మరి చాయ్ తాగు. చల్లగైతది."

"తలుపు వేసి పో లచ్చమ్మా," అన్నాడు దినేష్, తలెత్తకుండా.

చాయ్ మీద మీగడ కట్టింది. తాగబుద్ధి కాలేదు. పాప బాగుంది, పాప పుట్టిన రోజు తాను బాగులేదు. ప్రొద్దుటూరు ఆసుపత్రిలో ముంజేతికి సెలైన్ గుచ్చి ఉంది, మోచేతి దగ్గర చల్లగా ఏదో పాకుతోంది, నర్సు వచ్చి గొట్టానికున్న చిన్న చక్రాన్ని బొటనవేలితో జరిపి చుక్కల వంక చూసి వెళ్లిపోయింది. ఎంత జరిపింది, ఎందుకు జరిపింది, అడగలేదు. కళ్లు మూసుకుంది. చక్రం జరిపిన చెయ్యి సరిగ్గానే జరిపి ఉంటుందని, ఆ చేతికి ఎవరో సరిగ్గానే నేర్పి ఉంటారని, ఆ సీసా మీద కాగితం అతికించినవాడు చూసే అతికించి ఉంటాడని. అలా కళ్లు మూసుకునే ఆ పెద్దాయన కూడా పడుకుని ఉంటాడు. ఎలా ఉంటాడో. తెల్ల మీసం పెట్టి చూసింది, తీసేసింది. లావుగా ఊహించింది, అప్పుడు ఆయన తన మేనమామలా కనబడ్డాడు, వెంటనే ముఖం చెరిపేసుకుంది. ముఖం లేకుండా ఒక చెయ్యి మాత్రం మిగిలింది, దానికి గుచ్చిన సూది. పొద్దున బయట బెంచీ మీద కూతుళ్లు కూర్చుని ఉంటారు, నాన్న ఎందుకిలా చల్లబడుతున్నాడని అడిగి ఉంటారు, నర్సు పంపు వంక చూపించి ఇదుగో ఐదు వెళ్తోందమ్మా అని ఉంటుంది. ఐదు వెళ్లలేదు. ఆ సంగతి అప్పటికి ఈ ఊళ్లో ఒక్క మనిషికి తెలుసు. ఆ మనిషి ఈ పొద్దున కూకట్‌పల్లిలో వ్యాన్ ఎక్కి, తలలో పూలు సర్దుకుని, కిటికీ పక్క సీటు దొరికిందని సంతోషించింది.

అక్కడికే వస్తోంది మనసు, ఎటు తిప్పినా. తెలుసు. ముందే తెలుసు. నెల కిందట, కోడ్‌నూ హెడర్‌నూ పక్కపక్కన పెట్టుకుని చివరిసారి సరిచూస్తుంటే వేగం పెట్టే ఫంక్షన్ దగ్గర వేలు ఆగిపోయింది. దినేష్ కొలత మార్చాడు. ఎవరో కస్టమర్ ఇంకా చిన్న కొలత కావాలన్నారని పదోవంతులు చేశాడు, నెత్తినున్న కామెంట్ జోలికి పోలేదు. మధ్యాహ్నం క్యాంటీన్‌లో అతని బల్ల దగ్గరికి వెళ్లి చెప్పింది. చుట్టూ నలుగురున్నారు. అతను పెరుగన్నం కలుపుకుంటూ, "చూశారా, లావణ్య గారు ఇప్పుడు కోడ్ కూడా చదువుతున్నారు," అన్నాడు, అందరూ నవ్వారు, "రిలీజ్ కానివ్వండి, తర్వాత తీరిగ్గా మీరే దిద్దుకుందురు గాని." చెవులు కాలాయి. తిరిగొచ్చి కూర్చుంది. కంప్యూటర్ ముందు అదే లైన్. దిద్దడానికి ఆమెకు అతని అనుమతి అక్కర్లేదు, కామెంట్లు ఆమెవే కదా. లైన్ చివర ఒక్క మాట మార్చాలి, టైప్ చేయడానికి ఊపిరి పీల్చి వదిలినంత సేపు పట్టదు. చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఉండనీ. ఎవడో ఒక కస్టమర్ చదివి గొడవకొస్తాడు, వెంకటరామయ్య గారి గదిలో ఇతను నిలబడతాడు, ఆ నున్నటి బుగ్గలు ఎర్రబడతాయి, అప్పుడు చూస్తాను ఎవరు నవ్వుతారో. ఆ గదిని ఎన్నిసార్లు ఊహించుకుంది, అతని చేతులెక్కడ పెట్టుకుంటాడో కూడా. ఆ ఊహలో ఆసుపత్రి లేదు. మంచం లేదు. ఒక కుర్చీ, ఒక బల్ల, ఒక ఓడిపోయిన ముఖం, అంతే.

ఇంకొకటి కూడా ఉంది. ఆ సాయంత్రమే కనబడింది, వెతికింది కాబట్టి కనబడింది. నర్సు మీట నొక్కితే కొంత మందు ఒక్కసారిగా వెళ్లేలా చేసే ఫంక్షన్. అది మొదట్నుంచీ పదోవంతుల్లో ఉండేది, కామెంట్‌లో అలాగే ఉంది. దినేష్ దాన్ని అదే వారం నిండు మిల్లీలీటర్లకు మార్చేశాడు, ఎందుకో, ఇంకో కస్టమర్ కోసం కాబోలు. దీన్ని ఎవరికీ చెప్పలేదు. క్యాంటీన్‌లో నవ్వినవాళ్లలో ఎవరికీ, ప్రవీణ్‌కు కూడా. ఒకటి చెప్పి నవ్వించుకున్నాను, ఇది నా దగ్గరే ఉండనీ అనుకుంది. కొంగున ముడేసుకున్నట్టు దాచుకుంది. ఇందాక ఆంజనేయులు గారి ఫోన్ వచ్చినప్పుడు ఎందుకు చెప్పలేదు? పంపు ఆపేశారన్నారు కదా, ఆపేసిన పంపుతో ప్రమాదమేముంది, తర్వాత చెప్పొచ్చు, తర్వాత ఎవరికీ తెలియకుండా ఆ లైన్ దిద్దేయొచ్చు. దిద్దేస్తే నాకు ముందే తెలుసని ఎవరికీ తెలియదు. ఎంత నున్నగా నడిచొచ్చింది ఈ ఆలోచన, ఇది ఎవరి గొంతు, తనదా, ఎదురుగా కూర్చున్నవాడిదా.

పెన్ను ఆగింది. "మీరు ఆ రోజు నాకు చెప్పారంటారా?" అన్నాడు దినేష్.

"చెప్పాను."

"క్యాంటీన్‌లో అన్నం తింటుంటే ఏదో అన్నారు. దాన్ని చెప్పడం అనరు."

"నలుగురు విన్నారు."

"ఎవరు విన్నారు? పిలిచి అడగండి. ఒక్కడికి గుర్తుంటే చూద్దాం." ముందుకు వంగాడు. గొంతు తగ్గించాడు, అదే ఎక్కువ అసహ్యంగా ఉంది. "చూడండి లావణ్య గారూ, వెంకటరామయ్య గారితో నేనే మాట్లాడతా. కామెంట్లు సరిచూడటంలో పొరపాటు జరిగిందని చెబుతా. చిన్న పాప ఉంది, నిద్రలుండవు, ఎవరికైనా జరుగుతుంది. మీ ఉద్యోగానికి ఇబ్బంది లేకుండా చూసే పూచీ నాది."

చిన్న పాప ఉంది. నా పాపను తెచ్చి ఆ మంచం పక్కన నిలబెట్టాడు, ఆమె అనుకుంది, ఏడాదైనా నిండని పిల్లను. బల్ల మీద చాయ్ కప్పు ఉంది, అతని ముఖం ఉంది, రెంటికీ నడుమ దూరం ఎంతో కాదు. అతను పెన్ను విప్పేసి దాని స్ప్రింగును వేలికి బిగించి చుట్టుకుంటున్నాడని అప్పుడు గమనించింది. భయపడుతున్నాడు. జాలి కలుగుతుందేమోనని ఒక్క క్షణం తనలోకి చూసుకుంది, కలగలేదు. సంతోషం కూడా కలగలేదు. నెలరోజులుగా ఎదురుచూసిన ముఖం ఇదే, ఎర్రబడటానికి బదులు పాలిపోయి ఉంది. ఇద్దరం ఒకే చోట కూర్చుని ఒకే ఫోన్ కోసం చూస్తున్నాం, ఒకే మాట వినాలని. బతికాడని. ఇతనికీ నాకూ ఇప్పుడు తేడా ఒక్కటే, ఇతను చదవకుండా వదిలేశాడు, నేను చదివి వదిలేశాను. ఏది నయం. అడిగితే ఆ కూతుళ్లు ఏమంటారు.

ఫోన్ మోగింది. ఇద్దరి చేతులూ ఒకేసారి లేచాయి. దినేష్ మీట నొక్కాడు.

"ఆంజనేయులును." వెనకాల స్ట్రెచర్ చక్రాల చప్పుడు, ఎవరో ఎవరినో పిలుస్తున్నారు. "బతికిండు. పెద్దమనిషి కండ్లు తెరిచిండు. చేతితోటి డ్రిప్ పెట్టిన్రు, బీపీ మెల్లమెల్లగ ఎక్కుతున్నది."

దినేష్ కుర్చీలో వెనక్కి వాలిపోయాడు, రెండు చేతులతో ముఖం తుడుచుకున్నాడు. లావణ్య బల్ల అంచు పట్టుకుంది. ఊపిరి లోపలికి వెళ్లింది గాని బయటికి రావడానికి దారి మరిచిపోయినట్టుంది. ఆ మనిషికి ఇప్పుడు ముఖం వచ్చింది, కళ్లు తెరిచాడట, కళ్లు మాత్రం ఉన్న ముఖం.

"డాక్టరు నన్ను తిట్టని తిట్టు లేదు," అంటున్నారు ఆంజనేయులు గారు. "పంపు ఎత్తుకపొమ్మన్నడు. కాళ్లా వేళ్లా పడి చెప్పిన, తప్పు దొరికింది సార్, ఐదు కావాల్నంటె యాభై పంపెటట్టు చేస్తే సరిపోతదని. ఇగ చుక్కలు లెక్కపెట్టెటానికి సిస్టర్లు కూడ లేరు, జర ఒప్పుకున్నడు. మా ఫ్యాక్టరీ పోరడు లాప్‌టాప్ తెచ్చిండు, వేగం కాడ మార్చినం. ముందు రెండు మిల్లీలు ఒక్కసారి ఇచ్చి, ఆ వెనక వేగం పెట్టుమంటున్నడు డాక్టరు. మొదలుపెట్టమంటరా?"

"పెట్టండి సార్. యాభై కరెక్టే," అన్నాడు దినేష్. గొంతు అప్పుడే పాత గొంతు అయిపోయింది. "ఇంకేం సమస్య రాదు. డాక్యుమెంట్‌లో చిన్న పొరపాటు, సాయంత్రానికి దిద్ది పంపిస్తాం."

లావణ్య అతని ముఖంలోకి చూసింది. దాస్తున్నాడా అని చూసింది. దాచడం లేదు. గుర్తులేదు. తాను మార్చిన రెండో ఫంక్షన్ అతనికి నిజంగానే గుర్తులేదు. రెండు మిల్లీలీటర్లు కావాలంటే కామెంట్ ప్రకారం ఆంజనేయులు గారి ప్రోగ్రాం ఇరవై అని ఇస్తుంది, లోపలి కోడ్ ఇరవై మిల్లీలీటర్లనుకుంటుంది, సిరంజిలో ఉన్నదంతా ఒక్క నెట్టుడుకు ఆ చేతిలోకి వెళ్లిపోతుంది. ఈ సంగతి అతనికి తెలియదు, ఆంజనేయులు గారికి తెలియదు, డాక్టరుకు తెలియదు.

"ఆగండి," అంది. లేచి నిలబడి ఫోన్ మీదికి వంగింది. "ఆంజనేయులు గారూ, ఆగండి. ఒక్కసారిగా ఇచ్చే మీట నొక్కనివ్వకండి. పంపు కనెక్షన్ తీసేయమనండి. ముందు అది చేయండి."

అవతల ఆయన ఎవరితోనో గట్టిగా ఏదో అన్నారు. చక్రాల చప్పుడు. కాసేపటికి మళ్లీ దగ్గరకొచ్చారు. "తీసిన్రు. చెప్పమ్మ."

చెప్పింది. కామెంట్‌లో పదోవంతులని ఉందని, కోడ్ నిండు మిల్లీలీటర్లు తీసుకుంటోందని, రెండు అనుకుంటే ఇరవై వెళ్లేదని. దినేష్ కంప్యూటర్ వైపు తిరిగి ఫైలు వెతుకుతున్నాడు, వేళ్లు తప్పుడు అక్షరాలు నొక్కుతున్నాయి. దొరికింది. చదివాడు. కుర్చీ తిప్పుకుని ఆమె వంక చూశాడు, ఫోన్ వంక చూశాడు, కట్ చేసే మీట మీదికి చెయ్యి పోయింది. ఆమె ఆ చేతి మణికట్టు మీద తన అరచేతిని ఉంచి బల్లకు అదిమిపట్టింది. అతని నాడి కొట్టుకోవడం అరచేతికి తెలిసింది. అసహ్యంగా, వెచ్చగా. వదల్లేదు.

"ఇది నీకు ఇప్పుడు దొరికిందా అమ్మ," అన్నారు ఆంజనేయులు గారు, "ముందే ఎరుకనా?"

ఇప్పుడే దొరికిందని చెప్పొచ్చు. ఎదురుగా ఉన్నవాడు కూడా కాదనలేడు.

"ముందే తెలుసు. నెల అయింది. ఐదుది కూడా తెలుసు."

"చెప్పకపోతివి."

"చెప్పలేదు."

ఆయన తిట్టలేదు. తిడితే బాగుండేది. "నాకు మీ ఆఫీసుల కొట్లాట అక్కర్లేదు," అన్నారు చివరికి, అలిసిపోయిన గొంతుతో. "నాకు హెడర్ ఒక్కటే తెలుసు. దాంట్ల రాసిందే నమ్మిన. ఇప్పుడు మొత్తం చదువు. ఒక్కటి విడువకు. ఆ సారు కోడ్ చూసి అవునో కాదో చెప్పాలె. అయ్యేదాంక నేను ఫోన్ పెట్టను, పంపు ముట్టనియ్యను."

ఆమె చెయ్యి తీసింది. దినేష్ మణికట్టు రుద్దుకుని, ఆమెకు మాత్రమే వినబడేలా, "మీరు మామూలు మనిషి కాదు," అన్నాడు. అందులో గారు లేదు. మొదటిసారి ఇద్దరి నడుమ ఉన్న మాట ఉన్నట్టు బయటపడింది, అది విని ఆమెకు బాధ కలగలేదు. కూర్చుంది. కాగితాలు దగ్గరికి లాక్కుంది. చదవడం మొదలుపెట్టింది.

మోటారు మొదలుపెట్టే ఫంక్షన్. ఏమీ ఇవ్వనక్కర్లేదు. తప్పు జరిగితే సున్నా కంటే తక్కువ అంకె వస్తుంది. అవును, అన్నాడు దినేష్. సిరంజి వెడల్పు చెప్పే ఫంక్షన్, మిల్లీమీటర్లలో. అవును. వేగం, గంటకు ఇన్ని మిల్లీలీటర్లు. కాదు, పదోవంతులు. ఒక్కసారి మోతాదు, పదోవంతుల్లో. కాదు, నిండు మిల్లీలీటర్లు. ఒక్కో మాటకూ అవతల కాగితం మీద పెన్ను గీరుకోవడం వినిపిస్తోంది. లైన్ తర్వాత లైన్, అదే వరుస, తన చేతులతో ఊడ్చిన వాకిలి, ఇప్పుడు దాని మీద శత్రువును వెంటబెట్టుకుని మోకాళ్ల మీద వెతుక్కుంటూ పోతోంది, అతను అవును అన్నప్పుడల్లా అసహ్యం, అవును అన్నందుకు ఊరట, రెండూ ఒకే గుటకలో. గొట్టం మూసుకుపోతే అలారం, సెకన్లలో. అవును. బ్యాటరీ అలారం, నిమిషాల్లో. అవును. సిరంజి ఖాళీ కావస్తోందని మోగే అలారం, ఎంత మిగిలినప్పుడు మోగాలో, మిల్లీలీటర్లలో.

దినేష్ తెర దగ్గరికి వంగి చూశాడు. మళ్లీ చూశాడు.

"కాదు," అన్నాడు. "నిమిషాలు. ఖాళీ కావడానికి ఎన్ని నిమిషాలుందనగా మోగాలి అని అడుగుతోంది."

"అది మీరెప్పుడు మార్చారు?"

"నేను ముట్టుకోలేదు. మొదట్నుంచీ ఇంతే. అమీర్‌పేటలో మీరు రాసిన కోడ్ ఇది."

ఆమె కాగితంలోకి చూసింది. ఇంత శుభ్రమైన లైన్, కొలత లైన్ చివర, పైనున్న కొలతల్లాగే. ఎప్పుడు రాసిందో గుర్తులేదు. మిగతా కామెంట్లతో కలవాలని, వరుస చెడకూడదని, చెయ్యి దానంతటదే మిల్లీలీటర్లు అని రాసుకుంటూ పోయి ఉంటుంది. ఎవరి మీదా పగ లేకుండా, ఎవరినీ పడగొట్టాలని లేకుండా, చాలా ఇష్టంగా. తలెత్తింది. అతని పెదవి అంచున గెలిచినవాడి వంపు కనబడుతుందని ఎదురుచూసింది, కనబడింది, చిన్నది, దాన్ని అతను దాచుకోనూ లేదు.

"ఏమైందమ్మ, ఆగినవ్?" అన్నారు ఆంజనేయులు గారు.

"తప్పుంది సార్. ఇది నాది. మిల్లీలీటర్లు కొట్టేసి నిమిషాలు అని రాసుకోండి."

పెన్ను గీరుకుంది. దినేష్ తెర మీద కిందికి జరిపాడు.

"తర్వాతది చదవండి," అన్నాడు.